ఓదార్పు సరే, టీచరుకు ఆసరా ఎక్కడ?

తిరుపతిలో కాపురం ఉంటూ, రోజూ రెండు బస్సులు మారి కార్వేటినగరం వైపున్న ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు వెళ్లివస్తున్న ఇంగ్లీషు టీచరు (స్కూల్ అసిస్టెంట్) ఒకరు అడిగిన ప్రశ్న ఇది. పద్నాలుగేళ్ల సర్వీసు ఉన్న ఆమెకు ఏడాదిగా సాయంత్రం ఇల్లు చేరేసరికి సొంత పిల్లలతో మాట్లాడే ఓపిక కూడా మిగలడం లేదు. తరగతిలో ఎవరైనా సందేహం అడిగితే విసుగు వస్తోంది. హెచ్.ఎం. (ప్రధానోపాధ్యాయుడు) గారు మంచివారే, తోటి ఉపాధ్యాయులూ మంచివారే, అయినా తనకు అండగా ఎవరూ లేరన్న భావన పోవడం లేదు. ఇది తన మనోబలహీనతా, యోగా చేస్తే తగ్గుతుందా, వేసవిలో బదిలీకి దరఖాస్తు పెట్టుకోవాలా అన్నవి ఆమె సందేహాలు. ఈ ప్రాంతంలోనే ఉపాధ్యాయురాలిగా, ఆపైన ప్రధానోపాధ్యాయురాలిగా పనిచేసి విరమణ పొందిన నేను, చదివినదీ చూసినదీ కలిపి జవాబు రాస్తున్నాను.

అమ్మా, ఇది బలహీనత కాదు. పనివల్ల కలిగే ఈ నిస్త్రాణను దశాబ్దాలుగా అధ్యయనం చేసిన క్రిస్టినా మాస్లాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీనికి మూడు లక్షణాలు చెప్పారు. ఒకటి, మనసులోని శక్తి అంతా తోడేసినట్లు అయిపోవడం. రెండు, ఎవరి కోసం పనిచేస్తున్నామో ఆ మనుషుల పట్లనే విముఖత, విసుగు కలగడం. మూడు, ఎంత చేసినా ఏమీ సాధించలేకపోతున్నామన్న నిరాశ. మొదటి రెండూ మీ మాటల్లోనే ఉన్నాయి, మూడోది మొదలైందో లేదో మీరే పరిశీలించుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో ఆమోదం పొందిన అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణలో దీనిని వ్యాధిగా కాక, పనిచేసే చోట చాలాకాలంగా కొనసాగుతూ పరిష్కారం కాని ఒత్తిడి వల్ల ఏర్పడే వృత్తి సంబంధమైన స్థితిగా పేర్కొన్నది. కాబట్టి కారణాన్ని ముందుగా మీ స్వభావంలో కాదు, మీ పని అమరికలో వెతకాలి.

పని అమరిక అన్నప్పుడు గంటల లెక్క ఒక్కటే చూస్తే సరిపోదు. రాబర్ట్ కరాసెక్ అనే పరిశోధకుడు 1979లో చెప్పిన విషయం ఉపాధ్యాయులకు బాగా వర్తిస్తుంది. పని ఎక్కువగా ఉండటం ఒక్కటే మనిషిని కుంగదీయదు, ఆ పనిని ఎప్పుడు, ఎలా చేయాలో నిర్ణయించుకునే అధికారం లేనప్పుడే ఎక్కువ దెబ్బ తగులుతుంది. ఏ వారం ఏ పాఠం పూర్తి కావాలో, ఏ పరీక్ష ఎప్పుడు పెట్టాలో, మార్కులు ఏ తేదీలోగా ఎక్కించాలో పైనుంచి వస్తుంటే, తన తరగతిలో సగం మంది ఇంకా వాక్యం చదవలేకపోతున్నారని తెలిసిన టీచరు కూడా తేదీ ప్రకారమే ముందుకు పోవలసి వస్తున్నది. 1988లో జాన్సన్, హాల్ అనే ఇద్దరు పరిశోధకులు దీనికి మూడో అంశంగా తోటివారి, పైవారి ఆసరాను చేర్చారు. పని భారం ఎక్కువై, నిర్ణయాధికారం తక్కువై, పక్కన నిలిచేవారు లేని స్థితి అన్నింటికంటె హానికరమైనదని వారి సిద్ధాంతం. మొదటి రెండింటినీ మార్చడం మీ చేతుల్లోనూ, మీ హెచ్.ఎం. గారి చేతుల్లోనూ చాలావరకు లేదు. మూడోది మాత్రం మీ బడి గోడల లోపలే ఉంది. అందుకే ఈ జవాబులో ఎక్కువ భాగం దాని గురించే రాస్తాను.

అందరూ మంచివారే అయినా అండ లేదనిపించడం ఎందుకో చూద్దాం. జేమ్స్ హౌస్ అనే సామాజిక శాస్త్రవేత్త 1981లో ఆసరాను నాలుగు రకాలుగా విభజించారు. మనసుకు ఊరటనిచ్చే మాట ఒక రకం. చేతిలోని పనిని పంచుకునే సాయం రెండో రకం. తెలియని విషయం తెలియజెప్పడం మూడోది. మనం చేస్తున్న పని ఎలా ఉందో నిజాయితీగా చెప్పడం నాలుగోది. మన స్టాఫ్ రూములలో మొదటి రకానికి లోటు లేదు. “ఏం చేస్తాం మేడం, అందరి బతుకూ ఇంతే” అని ఎవరో ఒకరు అంటారు, టీ ఇప్పిస్తారు, అది ప్రేమతోనే. కానీ మరుసటి గంటలో మీ ఖాళీ పీరియడు పోయి ఎనిమిదో తరగతి బి సెక్షనుకు వెళ్లవలసి వస్తే, ఆ ఓదార్పు అక్కడికి తోడు రాదు. ఆసరా ఒత్తిడిని తట్టుకునే కవచంలా పనిచేయాలంటే అది అవసరానికి సరిపోయే రకమైనదై ఉండాలని కోహెన్, విల్స్ 1985లో ఈ విషయంపై వచ్చిన పరిశోధనలన్నింటినీ సమీక్షించి రాశారు. మీకు కావలసింది రెండో రకం, మీకు దొరుకుతున్నది మొదటి రకం. మీ బాధకు మూలం అక్కడుందని నేను అనుకుంటున్నాను.

సర్దుబాటు పీరియడ్ల సంగతి, అంటే బడికి రాని టీచరు తరగతికి ఆ గంట ఖాళీగా ఉన్న మరొకరిని పంపడం, కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఉన్నత పాఠశాలలో ఒత్తిడి రోజువారీగా పుట్టే చోటు అదే. ఉదయం ప్రార్థన ముగిసేలోపు ఎవరెవరు సెలవులో ఉన్నారో తేలుతుంది. ఒకరు బయటి విధి (ఓడీ) మీద శిక్షణకు వెళ్లి ఉంటారు, ఒకరికి మండల విద్యాధికారి (ఎం.ఈ.ఓ.) కార్యాలయంలో పని ఉంటుంది. హెచ్.ఎం. గారో, సీనియర్ అసిస్టెంటో సర్దుబాటు రిజిస్టరు తీసి, టైంటేబుల్‌లో ఎవరికి ఖాళీ ఉందో చూసి పేర్లు రాస్తారు, అటెండరు దానిని తెచ్చి సంతకం పెట్టించుకుంటారు. ఈ రిజిస్టరును ఒక నెలరోజులకు ఒకేసారి ముందు పెట్టుకుని చదివితే అసలు విషయం బయటపడుతుంది. నేను చూసిన బడులలో, ఎవరి పేరు రాస్తే గొడవ రాదో వారి పేర్లే పదేపదే కనిపించేవి. మెత్తని వారిని చూస్తే మొత్తబుద్ధి అన్న సామెత ఇక్కడ ఎవరి దుర్బుద్ధీ లేకుండానే నిజమైపోతుంది. రాసేవారికి కూడా పక్షపాతం చేస్తున్నామన్న స్పృహ ఉండదు, పొద్దున్నే ఆ హడావిడిలో ఎదురు చెప్పని పేరు ముందు గుర్తుకొస్తుంది, అంతే. పేర్ల పక్కన నెలసరి మొత్తం వేసి, తక్కువ ఉన్నవారితో మొదలుపెట్టే పద్ధతి పెట్టినచోట స్టాఫ్ రూములో అంతకుముందున్న బిగువు చాలా తగ్గడం నేను స్వయంగా గమనించాను. భారం మొత్తంగా చూస్తే అంతే ఉంది. అది న్యాయంగా పంచబడుతోందన్న నమ్మకం కొత్తగా వచ్చింది. పైగా ఖాళీ పీరియడు అంటే విశ్రాంతి కాదు, అది నోటుపుస్తకాలు దిద్దే సమయం, రేపటి పాఠం చూసుకునే సమయం. అది పోతే ఆ పని ఇంటికి వస్తుంది, మీ పిల్లలతో గడపవలసిన సాయంత్రాన్ని తినేస్తుంది.

మీ పేరు ఆ రిజిస్టరులో ఎన్నిసార్లు ఉందో ముందు లెక్క తీయండి. దానితోపాటు రెండు వారాలపాటు ఒక చిన్న పుస్తకంలో, పాఠం చెప్పడం కాక మీరు చేసిన ప్రతి పనినీ, దానికి పట్టిన సమయాన్నీ రాసుకోండి. మధ్యాహ్న భోజనం, గుడ్ల లెక్కలు, ఫోటోలు, మార్కుల నమోదు, బడి మానేసిన పిల్లల ఇళ్లకు వెళ్లడం, తల్లిదండ్రులకు ఫోన్లు, అన్నీ రాయాలి. 2022 ఆగస్టులో ఫోనులో ముఖం చూపించి వేసే హాజరు మొదలైనప్పటి నుంచి బస్సు ఆలస్యమైతే గుండె దడదడలాడే పరిస్థితి మీలాంటి దూరప్రయాణం చేసేవారందరికీ ఉంది, దానిని కూడా రాయండి. చట్టం ఏమంటున్నదో తెలిసి ఉండటం మంచిది. 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 27వ సెక్షను ప్రకారం జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు మినహా ఉపాధ్యాయులను విద్యేతర పనులకు నియోగించకూడదు. అదే చట్టం షెడ్యూలు వారానికి కనీసం 45 పని గంటలు అని చెబుతూ, పాఠానికి సిద్ధమయ్యే సమయాన్ని కూడా అందులో కలిపింది. చట్టసభ దృష్టిలో తయారీ కూడా పనే. కానీ మన టైంటేబుల్ తయారుచేసేటప్పుడు ఎవరూ దానిని లెక్కలోకి తీసుకోరు.

ఈ చిన్న పుస్తకం ఎవరి మీదా ఫిర్యాదు చేయడానికి కాదు. “నాకు చాలా ఒత్తిడిగా ఉంది సార్” అంటే ఏ హెచ్.ఎం. అయినా ఓదార్పు మాట చెప్పగలరు తప్ప మరేమీ చేయలేరు. “ఈ నెలలో నాకు పద్దెనిమిది సర్దుబాట్లు పడ్డాయి, పదో తరగతి స్టడీ అవర్ కూడా నాదే, వీటిలో ఒకటి మార్చగలరా” అంటే ఆయన చేయగల పని ఆయన ముందు ఉంటుంది. పదో తరగతి ఫలితాల భయం ఆయనకూ ఉంటుందని మరవకండి. ఫలితాలు తగ్గితే జిల్లా విద్యాధికారి (డి.ఈ.ఓ.) సమీక్షలో లేచి నిలబడవలసింది ఆయనే, కనుక మీ విన్నపం ఆ భయాన్ని పెంచకుండా ఉండేటట్లు చూసుకుంటే పని సులువవుతుంది. స్టడీ అవర్‌ను మానేస్తానని కాకుండా, వారంలో రెండు రోజులు గణితం సార్‌తో మార్చుకుంటానని అడగండి.

హెచ్.ఎం. నుంచి రావలసిన ఆసరాలో మరొకటి ఉంది, దానికి టైంటేబుల్‌తో సంబంధం లేదు. ఒక బడిలో జరిగింది చెబుతాను. మార్కులు తక్కువ వేశారని ఒక తండ్రి నేరుగా తొమ్మిదో తరగతి గదిలోకి వచ్చి, పిల్లలందరి ఎదుటా టీచరమ్మ మీద గొంతు పెంచాడు. అక్కడి ప్రధానోపాధ్యాయుడు వరండాలో నుంచి వచ్చి, ఆ తండ్రి భుజం మీద చెయ్యివేసి, “రండి, నా గదిలో మాట్లాడుకుందాం. మా మేడం పాఠం పూర్తి చేయాలి” అన్నాడు. ఆ తండ్రికి నీళ్లిచ్చి, జవాబుపత్రం తెప్పించి చూపించాడు. దిద్దడంలో నిజంగానే ఒకచోట పొరపాటు జరిగింది. ఆ సంగతి ఆయన సాయంత్రం బడి వదిలాక టీచరమ్మ ఒక్కరికే చెప్పాడు, ఆమె మరుసటి రోజు తానే మార్కులు సరిచేసింది. పిల్లల ఎదుట ఆమె మర్యాద నిలబడింది, తప్పూ దిద్దబడింది. ఇదే సందర్భంలో టీచరును ఆఫీసు గదికి పిలిపించి, తల్లిదండ్రుల ముందే సంజాయిషీ అడిగిన చోట్లు కూడా నాకు తెలుసు. అలాంటి ఒక్క రోజు తర్వాత ఆ టీచరు కొన్ని నెలలపాటు ఎవరికీ తక్కువ మార్కు వేయడానికి సాహసించదు, ఎవరినీ మందలించదు, రిజిస్టర్లు మాత్రం నిండుగా ఉంచుకుంటుంది. హెచ్.ఎం.లు ఎవరైనా ఇది చదువుతుంటే వారిని ప్రత్యేకంగా కోరుతున్నాను, మెమో ఇవ్వవలసి వచ్చినా ఇవ్వండి, కానీ అంతకుముందు గదిలో కూర్చోబెట్టి ఒకసారి అడగండి.

తోటి ఉపాధ్యాయుల విషయంలో ఒక హెచ్చరిక చేయాలి. మధ్యాహ్నం భోజనాల దగ్గర కూర్చుని బదిలీలు, డి.ఏ. బకాయిలు, పైవారి తీరు గురించి గంటసేపు వాపోవడం సాన్నిహిత్యంగా అనిపిస్తుంది, కొంతవరకు సాన్నిహిత్యమే. కానీ రోజూ అదే జరిగితే లేచి వెళ్లేటప్పుడు వచ్చినప్పటికంటె అలసటగా ఉంటుంది. దాని బదులు సమాచారాన్ని పంచుకునే ఆసరా ఎంత విలువైనదో ఒక ఉదాహరణ చూడండి. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు, విద్యాహక్కు చట్టం రాకముందే నియమితులై, ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలి ఉన్న ఉపాధ్యాయులు రెండేళ్లలో ఉపాధ్యాయ అర్హత పరీక్ష (టెట్) ఉత్తీర్ణులు కావాలని తీర్పు ఇచ్చింది. ఆ వారమంతా వాట్సాప్ గ్రూపుల్లో రకరకాల వదంతులు తిరిగి, యాభై దాటిన వారు నిద్ర పోలేదు. ఆ సమయంలో తీర్పును పూర్తిగా చదివి, ఐదేళ్లలోపు సర్వీసు మిగిలినవారు టెట్ లేకుండానే విరమణ వరకు కొనసాగవచ్చుననీ, పదోన్నతి కావాలంటే మాత్రం వారికీ టెట్ తప్పదనీ విడమరచి చెప్పిన ఒక్క సహోద్యోగి, ఎన్నో ఓదార్పు మాటల కంటె ఎక్కువ మేలు చేశారు. మీ స్టాఫ్ రూములో అలాంటి పని ఎవరు చేయగలరో చూసుకోండి, మీరే చేయగలిగితే ఇంకా మంచిది, ఎందుకంటే ఇతరులకు ఆసరా ఇవ్వగలిగిన స్థానంలో ఉన్నప్పుడు తన పని మీద తనకు పట్టు తిరిగి వస్తుంది.

నాలుగో రకం ఆసరా, అంటే పని ఎలా ఉందో చెప్పేవారు ఉండటం, మన బడులలో అన్నింటికంటె అరుదు. తనిఖీకి వచ్చినవారు రిజిస్టర్లు చూస్తారు, లోపాలు రాస్తారు. ఒక పాఠం బాగా చెప్పారని, ఫలానా ప్రశ్న దగ్గర పిల్లలు కదిలారని చెప్పే కన్ను దొరకదు. మీకు నమ్మకమున్న ఒక టీచరును, ఆమె తెలుగు పండిట్ అయినా సరే, వారానికి ఒక్క పీరియడు మీ తరగతిలో వెనుక బెంచీ మీద కూర్చోమనండి, మీరూ ఆమె తరగతిలో కూర్చోండి. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే కాంప్లెక్సు సమావేశంలో ఇచ్చే ప్రదర్శనల కంటె ఇది ఎక్కువ ఉపయోగపడుతుంది. నగరి, సత్యవేడు వైపు బడులలో ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలకు తెలుగులో వివరిస్తూ ఇంగ్లీషు నేర్పవలసి రావడం ఎంత కష్టమో పక్కన కూర్చుని చూసినవారికే అర్థమవుతుంది. తప్పు తనదేనని కుంగిపోతున్న టీచరుకు, “పిల్లవాడికి పాఠం రాకపోవడం కాదు, మీరు వాడిన తెలుగు మాట తెలియలేదు” అని చెప్పగలిగేది ఆ పక్కవారే.

ఏకోపాధ్యాయ పాఠశాలల్లో పనిచేసేవారికి ఈ మాటలు వేరే విధంగా వర్తిస్తాయి. ఎర్రావారిపాళెం కొండల దగ్గరి ఊళ్లలో ఒక్కరే ఐదు తరగతులనూ చూస్తూ, సెలవు పెట్టాలంటే బడి మూసే పరిస్థితిలో ఉన్నవారికి స్టాఫ్ రూమే లేదు. 2025లో ఉపాధ్యాయ నియామకాల కోసం జరిగిన మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు ప్రకటన వచ్చి, కొత్తగా చేరిన యువతీయువకులలో కొందరు ఇలాంటి చోట్లనే ఉద్యోగం మొదలుపెట్టారు. వారికి మొదటి ఏడాదిలో కావలసింది నెలకోసారి జరిగే సమావేశం కాదు. అనుమానం వచ్చిన రోజునే ఫోను చేసి అడగగల ఒక సీనియర్ కావాలి. సీనియర్లు చొరవ తీసుకుని నంబరు ఇచ్చి, ముందుగా తామే ఒకసారి ఫోను చేయాలి, ఎందుకంటే కొత్తవారు అడగడానికి జంకుతారు.

తిరుపతి ప్రైవేటు పాఠశాలల్లో పనిచేసే ఉపాధ్యాయులు నన్ను తరచుగా అడుగుతుంటారు, మాకు ఇవేవీ వర్తించవు కదా అని. వేసవిలో ఇంటింటికీ తిరిగి అడ్మిషన్లు తేవడం, రాత్రి తొమ్మిది తర్వాత కూడా తల్లిదండ్రుల గ్రూపులలో జవాబులివ్వడం, సెలవు పెడితే జీతం కోత, ఇవన్నీ అక్కడి వాస్తవాలు. అక్కడ ఒంటరిగా అడిగితే ఉద్యోగానికే ముప్పు రావచ్చు. నలుగురైదుగురు కలిసి, ఒకే ఒక్క విన్నపంతో, ఉదాహరణకు గ్రూపు సందేశాలకు సాయంత్రం ఏడు దాటాక జవాబు ఇవ్వనక్కర లేదన్న నియమం కోసం, యాజమాన్యాన్ని కలవడం కొన్నిచోట్ల ఫలించింది.

ఇక యోగా సంగతి. చేయండి, ఉదయం అరగంట నడిచినా మంచిదే, శరీరానికి మేలు చేస్తుంది, నిద్ర పడుతుంది. కానీ దానివల్ల సర్దుబాటు రిజిస్టరు మారదు. పని అమరికను అలాగే ఉంచి, తట్టుకునే శక్తిని మాత్రం పెంచుకోమని ఉపాధ్యాయులకు చెప్పే శిక్షణలంటే నాకు అంగీకారం లేదు. అవి చివరికి తట్టుకోలేకపోవడం నీ లోపమేనన్న భావాన్ని మిగులుస్తాయి, మీ ప్రశ్నలో ఆ నీడ నాకు కనిపించింది.

ఒక విషయం మాత్రం వేరుగా చూడాలి. విసుగు, అలసట బడికి సంబంధించినవే అయితే సెలవు రోజుల్లో కొంత తేలిక కనిపించాలి. దసరా సెలవుల్లో కూడా ఏ పనిమీదా మనసు పోకపోయినా, రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి చెడినా, బతుకే భారమన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అది వృత్తిపరమైన అలసటను దాటిపోయిందని భావించి డాక్టరును కలవండి. తిరుపతిలో రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. రాత్రి పగలు ఎప్పుడైనా ఉచితంగా తెలుగులో మాట్లాడగల టెలి మానస్ నంబరు 14416, దానిని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించింది. డాక్టరు విశ్రాంతి అవసరమంటే వైద్య ధ్రువపత్రంతో కమ్యూటెడ్ లీవు వాడుకోండి. ఖాతాలో ఉన్న అర్ధజీతపు సెలవును అలా పూర్తి జీతంతో వాడుకునే వీలుంది. చాలామంది ఉపాధ్యాయినులు పిల్లల పరీక్షల కోసం, అత్తగారి ఆపరేషను కోసం సెలవులు దాచిపెట్టి, తమ ఆరోగ్యానికి మాత్రం ఒక్కరోజు కూడా వాడరు.

బదిలీ విషయంలో నా సలహా ఇది. రోజుకు రెండు బస్సుల ప్రయాణం మీ ఒత్తిడిలో పెద్ద భాగమే కావచ్చు, అది నిజమైతే వేసవి బదిలీల కౌన్సెలింగులో దగ్గరి బడి కోరుకోవడం సమంజసం. అయితే ఆ నిర్ణయాన్ని ఇప్పుడున్న అలసటలో తీసుకోకండి. ముందు రెండు వారాల లెక్క రాయండి, దానితో హెచ్.ఎం. గారిని ఒక శనివారం సాయంత్రం, తీరికగా ఉన్నప్పుడు, ఒంటరిగా కలవండి. సర్దుబాట్లు, స్టడీ అవర్ ఈ రెండింటిలో ఒకటైనా మారితే ఒక త్రైమాసికం గడవనిచ్చి, సాయంత్రాలు ఎలా ఉన్నాయో చూసుకోండి. భారం తగ్గినా అలసట అలాగే ఉంటే మీ ఇబ్బంది ప్రయాణంలో ఉందని తేలుతుంది, అప్పుడు బదిలీకి దరఖాస్తు పెట్టండి. ఆయన వినిపించుకోకపోతే అదే లెక్కను కాగితం మీద రాసి ఇచ్చి, ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. అప్పటికీ మార్పు లేకపోతే బడి మారడమే మంచిది. ఆ పరిస్థితిలో మాత్రం బదిలీ ఐచ్ఛికాలు ఎంచుకునేటప్పుడు దూరంతోపాటు, ఆ బడిలో ఎంతమంది ఉపాధ్యాయులున్నారో, మీ సబ్జెక్టుకు రెండో టీచరు ఉన్నారో లేదో, అక్కడి హెచ్.ఎం. తీరు ఎలాంటిదో అక్కడ పనిచేసి వచ్చినవారిని అడిగి తెలుసుకోండి.